జాలు మడికి పెద్ద బండి

మెదక్‌ల నన్నెరిగినోళ్లు నా గురించి రెండు ముచ్చట్లు చెప్తరు. ఇరిగిన ఇనుమును మంచిగ అతుకవెడ్తడు అనేది ఒకటి. మంచిగున్న మూతిని పలగ్గొడ్తడు అనేది ఇంకోటి. రెండూ నిజమే. బస్టాండ్ దాటినంక నర్సాపూర్ పోయే రోడ్డు మీద నాకు వెల్డింగ్ షాపున్నది. ట్రాక్టర్ పనులే ఎక్కువ. ట్రాలీ డబ్బాలు, నాగళ్లు, గొర్రులు, బురదల తిరిగే ఇనుప చక్రాలు. ఇరవై రెండేండ్ల సంది ఇదే పని. చేతుల్ల బలం దండిగ వచ్చింది. ఆ బలాన్ని ఇనుము మీద చూపిచ్చి ఊకుంటె మంచిగుండు. నేనూకోలే.

కోపం నాకు నెత్తిల పుట్టదు, చేతుల్ల పుడ్తది. నెత్తికి తెలిసేసరికి చెయ్యి పోయి పనిజేసుకోని వచ్చి ఉంటది. ఒకని చెవు వాసింది, ఇంకొకని దవడపన్ను ఊడి చాయ్ హోటల్ల కిందవడ్డది. ఎవ్వని తప్పెంతనో ఇప్పుడు యాదికి లేదు. దెబ్బలు మాత్రం యాదికున్నయ్.

మా అన్నను నేను రెండుసార్లు కొట్టిన. నాకంటె ఆరేండ్లు పెద్దోడు. మా బాపు సచ్చిపోయినంక నన్ను బడికి తోలింది, పనిల వెట్టింది, పెండ్లి జేసింది ఆయననే. అసొంటాయనను మొదటిసారి ట్రాక్టర్ ఎంత పెద్దది కొనాలె అనే లొల్లిల కొట్టిన. రెండోసారి ఆ ట్రాక్టర్ కింద వడి ఆయన సావొద్దని కొట్టిన. గా రెండు దెబ్బల నడుమ ఏమైందో చెప్పాలెననే ఇది రాస్తున్న.

మా భూమి టౌనుకు ఆనుకోనే ఉంటది. మొత్తం మూడెకరాల పది గుంటలు. అది ఒక్క తుకుడ గాదు. పదకొండు మడులు, ఒకదాని కింద ఒకటి వాగు దాక దిగుతయ్. పై మడుల్ల ఎర్రనేల, గట్టిగుంటది. కిందికి పోయినాకొద్ది నల్లగ, మెత్తగ అయితది. అన్నిటికంటె కింద పద్దెనిమిది గుంటల మడి, అరెకరానికి జర తక్కువ. దాన్ని మేము జాలు మడి అంటం. లోపట ఊట ఉంటది. ఎండకాలంల పైన పొర ఎండి పర్రెలిస్తది గని అడుగు ఆరదు. వానకాలం కాలు వెడితె మోకాలు దాక పోతది. ఒకసారి మా బర్రె దాంట్ల దిగబడితె ఎనిమిది మందిమి తాళ్లేసి గుంజినం. బాపు ఆ మడిలకు ఎడ్లను గూడ తోలకపోతుండె. పారతోని కొట్టి, కాళ్లతోని తొక్కి నాటేస్తుండ్రి. పండుతది, గని మనిషిని ఏడిపిచ్చి పండుతది.

ఎడ్లు పోయినంక కిరాయి ట్రాక్టర్ల మీద వడ్డం. కిరాయోడు రేపొస్త అంటడు, ఎల్లుండొస్త అంటడు, ఆ తర్వాత ఫోనే ఎత్తడు. పదెకరాలోని కాడికి ముందు పోతడు, మూడెకరాలోని కాడికి మిగిలితె వస్తడు. ఒక ఏడు గట్లనే మా నారు ముదిరి ముదిరి బారెడైంది. ముదురు నారే ఏసినం, సగం పంట గూడ రాలే. ఆ ఏడు కోతలైనంక అన్నా నేనూ ఒక మాట మీదికొచ్చినం. సొంతంగ బండి కొనాలె. అంతవరకు ఏ పంచాయితి లేదు. ఎంత పెద్దది అనేకాడ వడ్డది పెంట.

ట్రాక్టర్ కొనెటోడు బండిని జూసుడు కాదు, ముందు తన పొలం జూసుకోవాలె. నేను ఎవ్వరడిగినా ఇదే చెప్త. మూడెకరాలోనికి ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది హార్స్ పవర్ ఉంటె మస్తు. చిన్న రోటవేటర్ గుంజుతది, నాగలి గుంజుతది, వడ్లు మార్కెట్ దాక మోస్తది. పెద్ద బండిని చిన్న మడిల తిప్పితె నాలుగు మూలలు మిగుల్తయ్, వాటికి మళ్ల పారనే పట్టాలె. మా బాట రెండు గెట్ల నడుమ ఆరడుగులు గూడ లేకుండె, పెద్దది గెట్లు తొక్కుకుంటనే పోవాలె. అన్నిటికంటె పెద్ద సంగతి బరువు. యాభై హార్స్ పవర్ బండి రెండు టన్నులు తూగుతది. చిన్నది దాంట్ల సగం ఉంటది. గట్టి నేలల బరువు మంచిదే, చక్రానికి పట్టు దొరుకుతది. జాలు మడిల ఆ బరువే మనిషిని తింటది.

ఇది నేను పుస్తకంల సదివింది గాదు. బురదల దిగబడి, ముందట లేచి, వెనుకకు తిరగబడ్డ బండ్లు నా షాపుకే వస్తయ్. వంగిన స్టీరింగ్ సక్కగ జెయ్యమంటరు. నుజ్జయిన మడ్గార్డ్ సాపు జెయ్యమంటరు. నడిపెటాయన ఎట్లున్నడే అని అడుగుత. కొందరు చెయ్యి మీదికి సూపిస్తరు. ఒకసారి ఒక స్టీరింగ్‌కు గుడ్డపేలిక అతుక్కోని వచ్చింది, అంగి గుండీతోని సహా. దాని మీద ఎండిపోయింది బురదనో ఇంకేందో నేను సూడలే. పట్టకారుతోని గుంజి తీసిన. ఆనాడు పగటిపూట బువ్వ తినబుద్ది కాలే.

ఇదంత అన్నకు చెప్పిన. "అన్నా, పెద్దది ఒద్దే. మన జాలు మడి దాన్ని మోయదు."

అన్న నవ్విండు. "నీకు ఇరిగినయే కనబడ్తయ్ రా. మంచిగ నడిచేటియి నీ షాపుకు రావు గదా."

నిజానికి ఆయన మాటల తప్పు లేదు. ఆయన మనసుల ఉన్నది గూడ నాకెరుకనే. "ఇన్నేండ్లు ఒకని బండి కోసం గెట్టు మీద చేతులు కట్టుకోని నిలవడ్డ," అన్నడు. "ఇగ నా బండి కోసం వాళ్లు నిలవడాలె. ఊరంతటికి కిరాయికి తోల్త. నువ్వు చెప్పే చిన్నదాన్ని ఎవడు పిలుస్తడు రా? అది ట్రాక్టరా, గడ్డి కోసే మిషనా?"

వానలు ఇంక నెల దినాలున్నయనంగ ఇద్దరం షోరూంకు పోయినం. ముందట యాభై హార్స్ పవర్ బండి నిలవెట్టి ఉండె, మెరుస్తుండె. దాని వెనుక మూలకు చిన్నది ఉండె, టైర్లకు దుమ్ము పట్టి. నేను సక్కగ చిన్నదాని కాడికి పోయిన. అన్న పెద్దదాని మీద చెయ్యేసిండు. అమ్మెటాయన ఎవరి కాడికి పోతడు? అన్న కాడికే పోయిండు.

"కూసోండ్రి అన్నా, చాయ్ తాగుండ్రి. పొలం ఎంతుంటది?"

"పదెకరాలు," అన్నడు అన్న, రెప్ప గూడ ఆర్పకుండ.

"మూడు," అని నేను వెనుకకెళ్లి అందుకున్న. "మూడెకరాల పది గుంటలు. పద్దెనిమిది గుంటలు ఊట మడి."

అమ్మెటాయన ఇద్దరి మొకాలు జూసిండు. అక్కడ చాయ్ తాగుతున్న నలుగురైదుగురు కిసుక్కున నవ్విండ్రు. అన్న మొకం ఎర్రగైంది. "వాని మాట పట్టిచ్చుకోకుండ్రి సార్, వాడు వెల్డింగోడు, వానికి పొలం సంగతేం తెలుసు," అన్నడు. అక్కడికి ఆగితె అయిపోవు. నా దిక్కు తిరిగిండు. "నా చేతి బువ్వ తిని పెరిగినవ్, నాకు నేర్పుతవా రా?"

అబద్ధమైతె ఊకుందును. అది నిజం, అందుకే కాలింది. నా చెయ్యి లేచింది. చెంపమీద గాదు, మూతి మీద వడ్డది, పిడికిలితోని. అన్న వెనుకకు తూలి ఆ పెద్ద బండి ముందట తగిలిచ్చిన ఇనుప బరువులకు తాకి కిందవడ్డడు. పెదవి పలిగి తెల్లంగి మీద నెత్తురు కారింది. లేచి ప్లాస్టిక్ కుర్చి ఎత్తి నా నెత్తి మీద కొట్టిండు. కుర్చి ఇరిగింది. ఇరిగిన కాలుతోని నా మెడ మీద పొడిచిండు. నేను గల్ల పట్టి గుంజి మోకాలుతోని కడుపుల తన్నిన. ఆయన నా జుట్టు పట్టి కిందికి గుంజిండు. ఇద్దరం ఆ నున్నటి బండల మీద దొర్లుతుంటె అమ్మెటాయన "పోలీసులను పిలుస్త, పోలీసులను పిలుస్త" అని ఒకటే మొత్తుకునుడు.

నాకెట్లనిపిచ్చిందో దాస్తె ఏమొస్తది? మంచిగనిపిచ్చింది. ఒక్క నిమిషం కడుపు సల్లవడ్డది. తర్వాత జనాలు ఇడదీసినంక అన్న నన్ను జూసిండు. కోపంతోని గాదు. కొత్త మనిషిని జూసినట్టు జూసిండు. పెదవి అద్దుకుంట, "ఇగ నీకు నాకు పొత్తు లేదు," అన్నడు.

పెద్ద మనుషులను కూసోవెట్టి పంచుకున్నం, అది తెగేసరికి ఆ వానకాలం గడిచిపోయింది. పదకొండు మడులు, ఇద్దరన్నదమ్ములు. జాలు మడి ఎవరికి అనేకాడ అందరు గుసగుసలు పెట్టిండ్రు. అది ఎవ్వనికీ ఒద్దు. చీట్లెయ్యాలె అన్నరు. అన్న లేచి నిలవడి, "చీట్లెందుకు, అది నాకు రాయుండ్రి," అన్నడు. నా దిక్కు సూడకుంట అన్నడు. "పెద్ద బండి దాంట్ల దిగదని ఒకడు ఊరంత సాటుతున్నడు. దింపి సూపిస్త."

పక్క పొలమాయన ఆ మాటకు గట్టిగ నవ్వి నా భుజం మీద చెయ్యేసి, "ఇంటున్నవా వెల్డింగ్ సేట్, మీ అన్న మొగోడు," అన్నడు. నా మోచేయి ఆయన ముక్కు మీద వడ్డది. టక్కుమని సప్పుడైంది. ఆయన ముక్కు ఇయ్యాల్టికీ జర పక్కకే ఉంటది. పెద్ద మనుషులు నన్ను తిట్టి, దవాఖాన ఖర్చు కట్టించి పంపిండ్రు. వీనికి ఇదే పని, ఎప్పుడు ఎవని మీద పడ్తడో తెల్వదు అన్నరు. ఆ మాట ఊర్ల గట్టిగ నిలిచిపోయింది.

అన్న పెద్ద బండి కొన్నడు. దానికి ఇనుప చక్రాలు నా కాడ చేపిచ్చుకోలే, ఇంకో షాపుల చేపిచ్చుకున్నడు. తమ్మునికి ఇదే పనైనప్పుడు ఇంకోని కాడికి పోవుడు, దానికంటె చెప్పుతోని కొట్టినా మంచిగుండు. పొద్దుగాల నా షాపు ముందటికెళ్లి పోయేటప్పుడు కావాలెనని హారన్ కొడ్తుండె. నేను గ్రైండర్ వెట్టి ఇంకింత సప్పుడు జేస్తుండె. నేను ఒక పాత చిన్న బండి తెచ్చుకున్న, ఇంజన్ ఇప్పి బాగుచేసుకున్న. నన్ను జూసి కొందరు నవ్విండ్రు. ఇద్దరిని కొట్టిన, మిగిలినోళ్లు నవ్వుడు బందువెట్టిండ్రు.

ఆ యాసంగి, అంటె చలికాలపు పంటకు, అన్నకు మంచిగనే గడిచింది. పై పొలాలు, గట్టి నేలలు, కిరాయిలు దండిగ దొరికినయ్. జాలు మడి మాత్రం బీడు పెట్టిండు. వానకాలానికి దింపుత అని చాయ్ హోటల్ల చెప్పుకుంట తిరిగిండట. అప్పుడే మా వదిన షాపుకొచ్చింది. నిలవడే మాట్లాడింది.

"మరిదీ, మీ ఇద్దరి లొల్లి నాకొద్దు. గని ఆ మడిల బండి దింపొద్దని నువ్వన్న చెప్పు. నేను చెప్తె ఇంటలేడు. నాకు బుగులైతుంది."

"నా మాట ఇంటడా వదినా? నేను ఒద్దంటె ఇంకింత దింపుతడు."

"అయితె ఏం జేద్దాం? సూసుకుంట కూసుందామా?"

"నేను పొలం కాడ ఉన్నంక దింపనియ్య," అన్న. "నా మీద ఇడిసిపెట్టు." ఆమె మొకంల జర ధైర్యం కనవడ్డది. నా మాటను నమ్మింది. ఒకరు నన్ను నమ్మితె నా మనసు ఎట్లుంటదో చాన రోజుల తర్వాత తెలిసింది.

వానలు వడ్డయ్, కాలువలు పారినయ్. నాటుకు ముందు నీళ్లు పెట్టి మడిని బురద బురద జేస్తరు, దాన్ని మా దిక్కు కరిగెట అంటరు. ఒకనాడు పొద్దుగాల తొమ్మిది అయ్యుంటది. నేను నా మడిల గెట్టు చెక్కుతున్న. నా బండి బాట మీద నిలవెట్టి ఉన్నది. అన్న తన మడులన్ని ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంట వచ్చి జాలు మడిలకు దిగిండు. నేను సూస్తనే ఉన్న. ఇప్పుడే పోతె లొల్లి అయితది, రెండు సాల్లు తిరిగి ఆయనే భయపడి ఎక్కుతడు అనుకున్న. నా బుద్ధి మన్నువడ. ఒక్క సాలు తిరిగిండు. రెండో సాలు నడిమిట్ల ఇంజన్ గొంతు మారింది. చక్రాలు తిరుగుతున్నయ్, బండి కదుల్తలేదు. తిరిగినా కొద్ది కిందికి పోతుంది. వెనుక చక్రాలు సగం దాక మునిగినయ్.

దానికి మందు ఉన్నది. బండి బందువెట్టి, పారలతోని చక్రాల ముందట బురద తీసి, పలకలేసి, గట్టి గెట్టు మీదికెళ్లి ఇంకో బండితోని మోకేసి గుంజాలె. నా బండి యాభై అడుగుల దూరంల ఉన్నది. గంట సేపట్ల బయటవడుతుండె. గని నన్ను అడగాలె గదా. ఆయన అడగడు. ఆయన అడిగినా అడగకపోయినా నేనే బండి చాలు జేసుకోని పోతె అయిపోవు. నేను గెట్టు మీద నిలవడి ఆయన పిలువాలెనని సూసిన. ఆ పది నిమిషాలు పోగొట్టింది నేనే. ఆ సంగతి ఎవ్వరికీ చెప్పలే, ఇక్కడ చెప్తున్న.

ఆ పది నిమిషాల్ల నలుగురు జమైండ్రు. వాళ్లల్ల ముక్కు పక్కకైన పక్క పొలమాయన గూడ ఉన్నడు. గెట్టు మీద ఒక తుమ్మ మొద్దు పడి ఉండె. దాన్ని ఎత్తుకోని బురదలకు దిగిండ్రు.

మొద్దు కట్టుడు మా దిక్కు అందరు చేసే పనే. దిగబడ్డ బండి రెండు వెనుక చక్రాలకు అడ్డంగ మొద్దు వెట్టి గొలుసుతోని బిగిస్తరు. చక్రం తిరిగితె మొద్దు కిందికి పోయి, బురదను ఒత్తి, బండిని మీదికి లేపాలె. చానసార్లు ఎల్తది గూడ, అందుకే మానుకోరు. ఎల్లనప్పుడు ఏమైతదో నా షాపుల నేను జూసిన. మొద్దు ఇరుక్కుంటది. చక్రం తిరగదు. ఇంజన్ బలం యాడికి పోవాలె? చక్రం తిరగకపోతె బండే తిరుగుతది. ముందట లేచి, నడిపెటోని మీదికే ఒరుగుతది. దుంకెటందుకు టైం దొరకదు.

"అన్నా, దిగు! మొద్దు కట్టకు! ముందట లేస్తది!" అని మొత్తుకుంట ఉరికిన. అన్న సీటు మీద కూసోని నన్ను జూసిండు, మొకం పక్కకు తిప్పుకున్నడు. గొలుసు బిగిస్తున్నోళ్లను తొందరవెట్టిండు. బురదల ఉరుకుడంటె ఉరుకుడు గాదు, ఒక్కొక్క కాలు గుంజుకుంట పోవుడే. నేను పోయేసరికి గొలుసు బిగిచ్చుడు అయిపోయింది. ఇంజన్ నడుస్తుంది, గేర్ ఇంక వెయ్యలే.

ఇంజన్ బందు జేసే రాడ్ స్టీరింగ్ కిందనే ఉంటది. ఒక్క గుంజుడు గుంజితె ఆగిపోతది. ట్రాక్టర్ల నడుమ ఇరవై రెండేండ్లు బతికినోన్ని, నాకు తెల్వదా? నా చెయ్యి ఆ రాడ్ కాడికి పోలే. అన్న గల్ల కాడికి పోయింది. నా చెయ్యికి అలవాటైన తొవ్వ అదే.

గల్ల పట్టి గుంజి బురదల పడేసిన. మీద కూసోని కొట్టిన. "సస్తవ్ రా! సస్తవ్! దిగుమంటె దిగవా!" అని ఒక్కొక్క మాటకు ఒక్కొక్క దెబ్బ. ఆయనకు నా మాటలు ఎట్లినవడ్తయ్? సస్తవ్ అనుకుంట కొట్టెటోడు సంపేందుకు వచ్చిండనే అనుకుంటరు ఎవరైనా. అన్న నా ఏలు కొరికిండు, ఎముక దాక దిగింది. చేతికందిన పానాతోని నా చెవు మీద కొట్టిండు. చెవుల గుయ్యిమన్నది, కండ్లు చీకట్లయినయ్. అయినా ఇడువలే. కాళ్లతోని ఆయన నడుము బిగవట్టిన. అట్లనే బిగవట్టుకోని ఉంటె సాలు అనుకున్న, ఇంజన్‌ల డీజిల్ అయిపోయేదాకనైనా సరే.

వెనుకకెళ్లి నలుగురు నా మీద వడ్డరు. ఒకడు మెడ, ఒకడు కాళ్లు, ఇద్దరు చేతులు. పక్క పొలమాయన నా చెయ్యిని వీపు మీదికి ఇరిసిండు. "పాడుగాను, సొంత అన్నను సంపుతవారా, గీ అదను జూసుకోని వచ్చినవా!" అని నా వీపు మీద మోకాలు వెట్టి కూసున్నడు. ఆయన తప్పేమున్నది? నేను ఎవ్వని మీద చెయ్యెత్తినా కొట్టెటందుకే ఎత్తిన, ఒక్కసారన్న బతికిచ్చెటందుకు ఎత్తినట్టు ఆయన జూసిండా? "మొద్దు... ఇప్పుండ్రి... లేస్తది..." అంటున్న. మొకం బురదల ఉన్నది, మాట బయటికి రాకముందె నోట్లెకు బురద పోతుంది. నాలుగు జతల చేతులు. నేను ఎంత గింజుకుంటె అంత గట్టిగ తొక్కిండ్రు.

అన్న లేచిండు. నేను ఒక్క కన్నుతోని జూస్తున్న. ముక్కులకెళ్లి నెత్తురు తుడుచుకున్నడు, అంగి సరిజేసుకున్నడు, బండెక్కి కూసున్నడు. నా దిక్కు జూసి, "జూడు, ఎట్ల ఎల్తదో జూడు," అన్నడు. గేరేసిండు. క్లచ్ ఇడిసిండు.

మొద్దు ఒక్కసారి కదిలింది, ఆగింది. ముందటి చక్రాలు బురదలకెళ్లి లేచినయ్, నీళ్లు కారుతున్నయ్ వాటికెళ్లి. బండి నిట్టనిలువుగ లేచింది. అన్న స్టీరింగ్ పట్టుకునే ఉన్నడు. తర్వాత ఒరిగింది.

నా మీదున్నోళ్లు అప్పుడిడిసిండ్రు నన్ను.

ఇంజన్ ఇంక నడుస్తనే ఉన్నది, తలకిందులుగ. చక్రాలు గాలిల తిరుగుతున్నయ్. బురదల చెయ్యి వెట్టి తడిమి ఇప్పుడు రాడ్ గుంజిన. సీటు బురదల లోపటికి పోయింది, స్టీరింగ్ లోపటికి పోయింది, అన్న లోపటికి పోయిండు. ఒక చెయ్యి బయటికున్నది. ఐదుగురం కుక్కలోలె తవ్వినం. తీసినంత బురద మళ్ల వచ్చి నిండుతుంది. ఆ చెయ్యి నేను పట్టుకున్న. అది నా చెయ్యిని గట్టిగ పట్టుకున్నది, నేనే అని తెలిసి పట్టుకున్నదో తెల్వక పట్టుకున్నదో. పక్క పొలమాయన ఉరికి నా చిన్న బండి తెచ్చి గెట్టు మీద నిలవెట్టి మోకేసిండు. పెద్ద బండి పక్కకు లేచేసరికి అన్న చెయ్యి నా చేతిల ఉత్తగనే ఉన్నది. నోట్లె, ముక్కులల్ల బురద నేను ఏలుతోని తీసిన. ఛాతి మీద స్టీరింగ్ గుండ్రంగ అచ్చు వడి ఉండె. ట్రాలీల ఏసుకోని పెద్ద దవాఖానకు పోయినం. డాక్టర్ చెయ్యి పట్టి జూసి, పానం పోయిందని చీటి మీద రాసిండు.

అన్న మొకం మీద నా గుద్దుల వాపులు కనవడ్తనే ఉన్నయ్. పోలీసులు అడిగిండ్రు. కొట్టిన అని చెప్పిన. ఎందుకు కొట్టినవ్ అన్నరు. ఆయన బతుకాలెనని కొట్టిన అన్న. రాసుకునేటాయన కలం ఆపి నన్ను జూసిండు. నలుగురు సాక్షులు మొద్దు సంగతి చెప్పిండ్రు, పక్క పొలమాయన ఏడ్సుకుంట చెప్పిండు. మా వదిన తన మరిది మీద అనుమానం లేదని రాసిచ్చింది. నన్ను ఇడిసిపెట్టిండ్రు.

దినాలైనంక వదిన కాడికి పోయిన. అరుగు మీద ఒక్కతే కూసోని ఉన్నది. నేను కింద కూసున్న. ఏలికి కట్టు, చెవుకు కట్టు. "వదినా, నేను ఆపెటందుకే పోయిన, నువ్వన్న నమ్ము," అన్న. నాకు ఏడుపాగలే.

వదిన నన్ను కొట్టలే, తిట్టలే. నా చేతుల దిక్కే సూసుకుంట అన్నది, "నాకెరుకనే మరిదీ. ఊరందరిని దవాఖాన్ల వడేటట్టు కొట్టినవ్. ఆ ఒక్కనాడు జర గట్టిగ కొట్టకపోతివా? కాళ్లిరిగి మంచంల వడ్డా మంచిగుండు. మనిషైతె నాకు ఉంటుండె గదా."